పులుల ప్రణాళిక రాసేముందు చెంచు పెంటలకు వెళ్లండి

సంపాదకుల వారికి నమస్కారం.

నల్లమలలో చెంచు పిల్లలకు పందొమ్మిదేళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గురించి మాట్లాడేటప్పుడు అందరూ 2,611 చదరపు కిలోమీటర్లు, కెమెరాలు, పులుల లెక్క చెబుతారు. నేను ఒక నీటి గుంత గురించి చెబుతాను.

కొన్నేళ్ల కిందట మా బడికి దగ్గర్లోని ఒక పెంట (చెంచుల గూడెం) పక్కన జంతువుల కోసం సిమెంటు సాసర్ గుంత కట్టారు. ట్యాంకరుతో నీళ్లు పోశారు. తవ్విన రోజే ఆ పెంట పెద్దాయన నాతో అన్నాడు: "సారూ, పొద మరీ దగ్గరుంది. దుప్పి తల వంచి నీళ్లు తాగాలంటే చుట్టూ కనబడాలె. ఇక్కడికి రాదు." నెల గడిచినా ఆ గుంత దగ్గర ఒక్క గిట్ట గుర్తు కూడా పడలేదు. ఆయన నన్ను వాగు వెంట పైకి తీసుకెళ్లాడు. ఒక బండ కింద ఇసుక తడిగా ఉంది, ఎలుగుబంటి గోళ్లతో గీకిన గుర్తులున్నాయి. ఆయన, ఆయన కొడుకులు ఒక్క పూటలో పూడిక తీసి చెలమ చేశారు. మూడో రోజు వెళ్లి చూస్తే చుట్టూ దుప్పుల అడుగులే.

ఈ తెలివి ఒక్క నీళ్లతో ఆగదు. కొండ అంచున తేనె తీసేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిది. చెల్లెలి కాపురం చేతిలో ఉన్నవాడు తాడు వదలడని నమ్మకం. తీసేవాళ్లు పట్టు మొత్తం కోయరు, పురుగు ఉన్న భాగం వదిలేస్తారు. అడవి గడ్డ తవ్వితే తీగ మొదలును మళ్లీ మట్టిలో పెట్టి కప్పుతారు. ఇవన్నీ నేను కళ్లారా చూసినవే.

ఇప్పుడు ఆ చెంచులే అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో వాచర్లుగా పనిచేస్తున్నారు. పులి అడుగు గుర్తుపట్టడానికి వాళ్లు కావాలి. అభయారణ్యం ప్రణాళిక రాసే దగ్గర మాత్రం వాళ్ల మాట అక్కర్లేదా? నేను వెళ్లిన ఒక సభలో ఇంగ్లీషు కాగితాలు పది నిమిషాలు చదివి వేలిముద్రలు తీసుకున్నారు. బయటికొచ్చాక ఆడవాళ్లు "ఏం రాసిండ్రు సారూ?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

చట్టంలో లోటు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ అడవిని, వన్యప్రాణులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కర్ణాటకలోని బిళిగిరి రంగనాథ కొండల్లో సోలిగ గిరిజనులకు 2011లో సామూహిక అటవీ హక్కులు వచ్చాయి. వాళ్లు వేసే చిన్న చిన్న నేలమంటలను ఆపేశాకే లాంటానా అనే కలుపు పొద అడవంతా కమ్మేసిందని అక్కడి పెద్దలు చెబుతారు. ఇక్కడ అగ్గి పెట్టమని నేను అనడం లేదు. మన పెద్దలను కూడా కూర్చోబెట్టి అడగమంటున్నాను.

వచ్చే ప్రణాళికకు ముందు అధికారులు వేసవిలో ప్రతి పెంటలో నాలుగు రోజులు ఉండాలి. పెద్దలతో కలిసి నడిచి చెలమలు, ఎలుగు గుహలు, తేనె కొండలు మ్యాపులో గుర్తించాలి. ఆ రోజులకు వాళ్లకు కూలి ఇవ్వాలి. అంతా తెలుగులో రాసి గ్రామసభలో చదివి, వాళ్లు వద్దన్నది తీసేయాలి. తేనె కొండల జాడ వ్యాపారుల చేతికి పోకూడదు కాబట్టి ఆ కాగితం గ్రామసభ దగ్గరే ఉండాలి. రాయడానికి నా దగ్గర చదువుకున్న పిల్లలున్నారు.

కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీతో పెంటలను బయటికి తరలించే మాటలు వినిపిస్తున్నాయి. వెళ్లాలో వద్దో వాళ్ల ఇష్టం. పెద్దలతో కలిసి మ్యాపు గీసే పని మాత్రం వచ్చే వేసవిలోనే మొదలుపెట్టాలి. నాకు చెలమ చూపించిన పెద్దాయనకు ఇప్పుడు చూపు సరిగా ఆనడం లేదు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా