మైదానంలో జాతీయగీతాన్ని నోళ్లతో పాడించండి

గౌరవనీయ సంపాదకులకు,

పాఠశాలల పోటీలు మొదలుకొని సంక్రాంతి క్రికెట్ టోర్నమెంట్ల దాకా తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆట ప్రారంభానికి ముందు జాతీయగీతం పెట్టడం బాగా అలవాటైంది. సంతోషించవలసిన విషయమే. అయితే చాలాచోట్ల జరిగే తీరు బాధ కలిగిస్తోంది. వ్యాఖ్యాత ప్రకటించగానే ఒకరు సెల్‌ఫోన్ తెచ్చి మైకుకు ఆనిస్తారు. రికార్డులో ముందుగా కొంత వాద్యసంగీతం వస్తుంది. అది తెలియక సగం మంది ముందే ఎత్తుకుంటారు, మిగతా సగం నోరు విప్పరు. శ్రుతి మరీ పైన ఉంటుంది కాబట్టి ఎత్తుకున్నవాళ్లు కూడా మధ్యలో వదిలేస్తారు. మధ్యలో ఆ ఫోనుకు కాల్ వస్తే అంతటితో పాట ఆగిపోతుంది. ఇది పిల్లలకు దేశం మీద గౌరవం లేక జరుగుతున్నది కాదు. పాడించే పద్ధతి పెద్దలు నేర్పకపోవడం వల్ల జరుగుతున్నది.

ఆ పద్ధతిని తరాలుగా కాపాడుకుంటున్న దేశం ఐర్లాండ్. అక్కడి సంప్రదాయ ఆటలైన గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ పోటీలను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 1884లో పుట్టింది. డబ్లిన్‌లోని వారి క్రోక్ పార్క్ మైదానంలో 82 వేల మందికి పైగా పడతారు. అఖిల ఐర్లాండ్ ఫైనల్ రోజున ఆర్టేన్ బ్యాండ్ ముందు నడుస్తుంది. దాని వెనక రెండు జట్లూ, జట్టుకు 15 మంది చొప్పున, కెప్టెన్ ముందుండగా ఒకరి వెనక ఒకరు మైదానం చుట్టూ కవాతు చేస్తారు. కవాతు ముగిశాక అందరూ జెండా వైపు తిరిగి నిలబడతారు, అప్పుడు గీతం మొదలవుతుంది. ఈ వరుసలో ఒక ఉపయోగం ఉంది. కవాతు జరుగుతున్నంతసేపూ జనం కుర్చీల్లోంచి లేవడం, టోపీలు తీయడం, మాటలు ఆపడం వాటంతటవే జరిగిపోతాయి. ఎవరూ మైకులో "దయచేసి నిశ్శబ్దం" అని బతిమాలనక్కర్లేదు. బ్యాండు కళ్లెదుటే ఉంటుంది కనుక ఎప్పుడు ఎత్తుకోవాలో కూడా అందరికీ తెలుస్తుంది.

వాళ్లు పాడే 'ఔరాన్ న వీయన్' పుట్టినప్పుడు ఇంగ్లిషు పాట. మాటలు ప్యాడర్ కార్నీ రాశారు, వరుస ప్యాట్రిక్ హీనీ కట్టారు. 1912లో తొలిసారి అచ్చయింది. లియమ్ ఓ రిన్ చేసిన ఐరిష్ అనువాదం 1923లో వచ్చింది. 1926లో దాన్ని జాతీయగీతంగా తీసుకున్నప్పుడు పాట మొత్తాన్ని కాక ఒక్క పల్లవినే తీసుకున్నారు. మనం కూడా ఐదు చరణాల పాటలో మొదటి చరణమే తీసుకున్నాం కదా. ఇప్పుడు మైదానాల్లో వినిపించేది ఐరిష్ మాటలే. ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడే పిల్లలకు ఆ మాటలు బడిలో కంఠస్థం చేయిస్తే తప్ప రావు. సంస్కృత పదాలు దట్టంగా ఉన్న బెంగాలీ గీతాన్ని మన పిల్లలు నేర్చుకోవడమూ అలాంటిదే. కాబట్టి భాష కష్టమన్న సాకు మనకు చెల్లదు.

అన్ని ఆటల్లోనూ వ్యవహారం ఇంత సులువుగా లేదు. ఐర్లాండ్ రగ్బీ జట్టు దీవి మొత్తానికీ ఒక్కటే. స్వతంత్ర దేశమైన ఐర్లాండ్ రిపబ్లిక్ వాళ్లూ, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండ్ వాళ్లూ కలిసి ఆడతారు. ఉత్తరాది ఆటగాళ్లలో కొందరికి రిపబ్లిక్ గీతం తమది కాదు. 1987 తొలి ప్రపంచ కప్‌లో ఏ గీతం వేయాలో తేలక 'ద రోజ్ ఆఫ్ ట్రలీ' అనే పాత ప్రేమగీతం రికార్డు వేశారు. చివరకు 1995 ప్రపంచ కప్ కోసం ఫిల్ కోల్టర్ చేత 'ఐర్లాండ్స్ కాల్' అనే కొత్త పాట రాయించారు. దీవిలోని నాలుగు ప్రావిన్సులనూ కలిపి చెప్పే పాట అది. డబ్లిన్‌లో మ్యాచ్ జరిగితే ముందు అతిథి జట్టు గీతం, తర్వాత ఔరాన్ న వీయన్, ఆ తర్వాత ఐర్లాండ్స్ కాల్. విదేశంలో ఆడితే ఐర్లాండ్స్ కాల్ ఒక్కటే. క్రికెట్, హాకీ జట్లు కూడా ఈ పాటనే తీసుకున్నాయి. మనతో ఐర్లాండ్ క్రికెట్ ఆడినప్పుడు టీవీలో వినిపించేది అదే, దాన్ని ఆ దేశ జాతీయగీతం అనుకోవడం పొరపాటు. ఫుట్‌బాల్‌లో మాత్రం రెండు జట్లు, రెండు గీతాలు. ఐర్లాండ్స్ కాల్ సాహిత్యం గొప్పగా లేదని అక్కడ సణిగేవాళ్లున్నారు. ఉండనీయండి. పక్కన నిలబడినవాడి నోరు కూడా కదలాలని ఒక క్రీడాసంఘం అంత శ్రమ తీసుకోవడం మెచ్చదగిన సంగతి.

ఎదుటి జట్టు గీతాన్ని ఎలా వినాలో చెప్పడానికి 2007 ఫిబ్రవరి 24 కంటే మంచి ఉదాహరణ లేదు. ఆ రోజు ఇంగ్లండ్ రగ్బీ జట్టు క్రోక్ పార్కులో ఆడింది. అదే మైదానంలో 1920 నవంబరు 21న మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపితే 14 మంది చనిపోయారు. అలాంటి చోట 'గాడ్ సేవ్ ద క్వీన్' వాయిస్తే గోల జరుగుతుందని చాలామంది భయపడ్డారు. జనం లేచి నిలబడి మర్యాదగా విన్నారు, ముగిశాక చప్పట్లు కొట్టారు. తర్వాత తమ పాటలను గొంతెత్తి పాడుకున్నారు. ఐర్లాండ్ 43–13తో గెలిచింది. మన అంతర జిల్లా పోటీల్లో ఎదుటివాళ్ల పాఠశాల గీతం పాడుతుంటే ఈలలు వేసే కుర్రాళ్లకు ఈ మ్యాచ్ సంగతి వ్యాయామ ఉపాధ్యాయులు చెప్పాలి.

ఐర్లాండ్ మాట మనకు దూరపు సంగతేమీ కాదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలోని థియొసాఫికల్ కళాశాలకు వచ్చి కొద్ది రోజులున్నారు. జనగణమనను ఆయన అక్కడే ఇంగ్లిషులోకి అనువదించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి. ఆయన భార్య మార్గరెట్ రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ ఊరివారు, డబ్లిన్‌లో సంగీతం చదివారు. ఆ పాటకు స్వరలిపి రాసి విద్యార్థుల చేత పాడించినవారు ఆమే. రెండేళ్ల తర్వాత ఐర్లాండ్ విడిపోయినప్పుడు ఆయన పుట్టిన ఊరు ఒక పక్కకు, ఆమె పుట్టిన ఊరు ఇంకో పక్కకు పోయాయి. మన గడ్డ మీద బృందగానంగా నేర్పిన పాటను మన పిల్లలే గుంపుగా పాడలేకపోతే ఎలా?

ఇక పాడించే పని దగ్గరికి వద్దాం. అన్నిటికంటే ముందు శ్రుతి. ఈ గీతం మంద్ర నిషాదం (కింది స్థాయి 'ని') నుంచి తార షడ్జమం (పై స్థాయి 'స') వరకు పోతుంది. 'విధాతా' దగ్గర కింది నిషాదాన్ని తాకుతుంది, చివరి మూడు 'జయహే'ల్లో మొదటిది తార షడ్జమానికి ఎక్కుతుంది. ఒకటో శ్రుతి, అంటే హార్మోనియంలో సి మెట్టు, షడ్జమంగా పెట్టుకుంటే ఆడపిల్లలకూ మగవాళ్లకూ, ఎవరి స్థాయిలో వారికి, హాయిగా ఉంటుంది. మూడో శ్రుతికి పోతే మామూలు గొంతులు జయహే దగ్గర చీరుకుపోతాయి. కర్ణాటక సంగీతం నేర్చుకునే అమ్మాయిలకు ఐదు, ఐదున్నర శ్రుతి అలవాటు. వారు ఆ శ్రుతినే ఎత్తుకుంటే చిన్నపిల్లలకు కింది స్వరాలు పలకవు, మగపిల్లలకు పై షడ్జమం అందదు. గొంతు మారే వయసులో, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉన్న అబ్బాయిలను బృందంలో ముందు వరుసలో నిలబెట్టవద్దు. వారు వెనక నుంచి తమకు వచ్చినంత పాడితే చాలు.

తర్వాత కాలప్రమాణం. పూర్తి గీతానికి సుమారు 52 సెకన్లు అని కేంద్ర హోంశాఖ ఉత్తర్వుల్లో ఉంది. గీతం 13 పాదాలు, అంటే పాదానికి దాదాపు 4 సెకన్లు. 'తరంగా' అని ముగిసేసరికి గడియారం 24 దగ్గర ఉండాలి. 30 దాటిందంటే సాగదీస్తున్నారన్నమాట. గమకాలు వేసి, సంగతులు పెంచి పాడే గాయకుడికి మైకు ఇస్తే ఇదే జరుగుతుంది. ఆయన పాట బాగానే ఉండవచ్చు, జనం మాత్రం వెంట పాడలేరు. మొదటి, చివరి పాదాలతో 20 సెకన్లలో ముగిసే సంక్షిప్త రూపం కూడా ఒకటుంది. అది వేరే సందర్భాలకు ఉద్దేశించినది. సమయం చాలదని మ్యాచ్ ముందు దాన్ని వాడకూడదు.

ధ్వని విషయంలో పెద్ద మైదానాల్లో తెలియకుండా జరిగే తప్పు ఒకటుంది. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. క్రికెట్ మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు 140 మీటర్లుంటే పాట అక్కడికి చేరడానికి 0.4 సెకను పడుతుంది. అక్షరానికి సుమారు పావు సెకను చొప్పున నడిచే ఈ వరుసలో అది ఒకటిన్నర అక్షరం వెనకబాటు. ఆ చివరివాళ్లు ఆలస్యంగా పాడితే వారి గొంతు ఇంకా ఆలస్యంగా ఈ చివరకు వస్తుంది. దాంతో బృందం వేగం తగ్గించుకుంటుంది, పాట ఈడ్చుకుపోతుంది. నాలుగు మూలలా హారన్ స్పీకర్లు కట్టడం దీనికి మందు కాదు, దాని వల్ల గందరగోళం ఇంకా పెరుగుతుంది. జనం ఎక్కువగా కూర్చున్న గ్యాలరీ ముందు బృందాన్ని నిలబెట్టి, రెండే స్పీకర్లను వారి పక్కనే గ్యాలరీ వైపు తిప్పి పెట్టాలి. ఆటగాళ్ల వరుసను కూడా ఆ దగ్గరికే తేవాలి. చేత్తో తాళం చూపే ఉపాధ్యాయుడు బల్ల మీద నిలబడి అందరికీ కనిపించాలి, ఎందుకంటే చెవికి ఆలస్యంగా అందే తాళం కంటికి వెంటనే అందుతుంది.

బృందంలో 20 నుంచి 25 మంది, వారికి రెండు మైకులు సరిపోతాయి. మైకును ఒకరి నోటికి ఆనించకుండా మూడడుగుల దూరంలో స్టాండుకు పెట్టాలి, లేకపోతే ఆ ఒక్క గొంతే ఊరంతా వినిపిస్తుంది. పాడబోయే ముందు హార్మోనియం మీదో శ్రుతిపెట్టె మీదో షడ్జమం వినిపించాలి. బడిలో బ్యాండు ఉంటే ఇంకా మంచిది. బ్యాండు గీతం వాయించే ముందు డ్రమ్ము రోల్ వాయించాలని ఉత్తర్వుల్లోనే ఉంది: నెమ్మది కవాతులో ఏడడుగులు వేసేంతసేపు, మెల్లగా మొదలై బాగా పెరిగి మళ్లీ తగ్గాలి, ఆ తర్వాత ఒక్క తాళం విరామం, అప్పుడు గీతం. దాన్ని వింటూనే జనం సర్దుకుంటారు, ఐర్లాండ్‌లో కవాతు చేసే పనిని ఇక్కడ ఆ డ్రమ్ము చేస్తుంది. గుంపుగా పాడించేటప్పుడు శిక్షణ పొందిన బృందం ఉండాలని, అవసరమైతే గీతం అచ్చువేసి పంచవచ్చని కూడా ఆ ఉత్తర్వులు చెబుతున్నాయి. చాలామంది నిర్వాహకులు వాటిని ఒక్కసారైనా చదివినట్టు లేదు. ఎటూ కుదరక రికార్డే వేయాల్సి వస్తే ముందుమాటలు, ముందు సంగీతం లేని ఫైలును ఫోనులోనే దాచుకుని, విమానం మోడ్‌లో పెట్టి, వైరుతో మిక్సర్‌కు కలపండి. బ్లూటూత్‌ను నమ్ముకోవద్దు.

పిల్లలను నిలబెట్టే సమయం గురించి కూడా గట్టిగా చెప్పాలి. ముఖ్య అతిథి గంట ఆలస్యమైతే ఆ గంటా పిల్లలు మన ఎండలో బారులు తీరి ఉండటం క్రమశిక్షణ అనిపించుకోదు. కళ్లు తిరిగి పడిపోయే పిల్లవాడికి ఆ గీతం మీద ప్రేమ ఎలా కలుగుతుంది? అతిథి కారు దిగాకే వరుసలు కట్టించండి. దండలు, శాలువాలు, పరిచయాలు ముగిశాక గీతం, ఆ వెంటనే ఆట. మధ్యలో ప్రసంగం చొప్పించవద్దు.

అందరూ సావధానంగా నిలబడాలి. మతవిశ్వాసం వల్ల పాడకుండా మర్యాదగా నిలబడినవారిది అవమానం కాదని 1986లో బిజో ఇమ్మానుయేల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి పిల్లలను వేరుగా నిలబెట్టి నిలదీసే హక్కు ఎవరికీ లేదు. జాతీయ గౌరవానికి అవమానాలను నిరోధించే 1971 చట్టం శిక్షించేది కావాలని పాడనివ్వకుండా అడ్డుకునేవారిని, గుంపులో భంగం కలిగించేవారిని.

ఐరిష్ వాళ్ల దగ్గర తీసుకోకూడని అలవాటు కూడా ఒకటి ఉంది. గేలిక్ మ్యాచుల్లో గీతం చివరి పాదం వచ్చేసరికి జనం ఆగలేక హోరెత్తిస్తారు, ఆఖరి మాటలు ఆ కేకల్లో మునిగిపోతాయి. ఉత్సాహం అర్థం చేసుకోదగ్గదే, కానీ ఇక్కడ 'జయ జయ జయ జయహే' పూర్తి కాకముందే నినాదాలు మొదలుపెట్టడం అదే కోవలోకి వస్తుంది. చివరి పాదం మధ్య షడ్జమం నుంచి మళ్లీ ఎక్కి మధ్యమం ('మ' స్వరం) మీద నిలవాలి. ఆ మధ్యమం పూర్తిగా పలికాక, ఉపాధ్యాయుడు చేయి దించాక ఎవరి నినాదం వారు ఇచ్చుకోవచ్చు.

రెండు జిల్లాల విద్యా, క్రీడా అధికారులకు మా విన్నపం ఇది. తిరుపతిలో సంగీత కళాశాల ఉంది, నేర్పగల గురువులున్నారు. ఒకటో శ్రుతిలో, డ్రమ్ము రోల్‌తో, 52 సెకన్ల గీతాన్ని బృందం చేత పాడించి రికార్డు చేయించండి. పోటీల సర్క్యులర్‌తో పాటు దాన్నీ, అచ్చువేసిన పాఠాన్నీ ప్రతి పాఠశాలకు పంపండి. ఆతిథ్యమిచ్చే పాఠశాల బృందం పోటీలకు ముందు వారంలో మూడు రోజులు, రోజుకు పావుగంట చొప్పున సాధన చేసేలా వ్యాయామ, సంగీత ఉపాధ్యాయులకు కలిపి ఆ బాధ్యత అప్పగించండి.

ఇట్లు,
కొందరు సంగీత, వ్యాయామ ఉపాధ్యాయులు,
తిరుపతి