గ్రాఫులు సరే, కొలతలేవి?

సంపాదకుడు గారికి,

అయస్కాంత క్షేత్రంలో ద్రవ ప్రవాహం, ఉష్ణ, ద్రవ్యరాశి బదిలీలపై మన గణిత విభాగాల్లో వచ్చే థీసిస్‌లు ఇప్పటికీ చదువుతుంటాను. సాగే పలకపై ప్రవాహం, రుంగే-కుట్టా అనే సంఖ్యాత్మక లెక్కింపు పద్ధతి, రంగురంగుల గ్రాఫులు. క్షేత్రం పెంచితే వేగం తగ్గిందట. విద్యుత్తు ప్రవహించే ద్రవంపై అయస్కాంత క్షేత్రం చూపే లారెంజ్ బలం బ్రేకు వేస్తుందని ముందే తెలుసు కదా! ఏ ద్రవం, క్షేత్ర బలం ఎన్ని టెస్లాలు (దాని కొలమానం) అన్నది మాత్రం చాలావాటిలో కనబడదు.

1937లో డెన్మార్క్ శాస్త్రవేత్త హార్ట్‌మన్ పాదరసాన్ని అయస్కాంతాల మధ్య పారించి కొలిచి మరీ చూశాడు. ఫ్యూజన్ (కేంద్రక సంలీన) రియాక్టర్ కోసం గాంధీనగర్ ప్లాస్మా పరిశోధన సంస్థవారు కరిగిన సీసం-లిథియం మిశ్రమంపై పనిచేస్తున్నారు. అక్కడ అయస్కాంత క్షేత్రం వల్ల కలిగే పీడన నష్టం లెక్క తప్పితే పంపు సరిపోదు. ఒక్క ప్రయోగ ఫలితంతోనైనా పోల్చి చూపించమని వైవాలో పరీక్షకులు గట్టిగా అడగాలి.

- రిటైర్డ్ గణిత లెక్చరర్, తెనాలి