ఆయుష్షు అంతా జన్యువుల చేతిలోనే ఉందా?

సంపాదకులకు నమస్కారం.

మా వంశంలో అందరూ 90 దాటినవాళ్లేనన్న ధీమాతో బీపీ మాత్రలు మానేసేవారిని చూస్తుంటాను. 1870–1900 మధ్య పుట్టిన డెన్మార్క్ కవలలను పరిశీలించిన శాస్త్రవేత్తలు, ఆయుర్దాయంలోని తేడాల్లో దాదాపు నాలుగో వంతుకే జన్యువులు కారణమని 1996లో లెక్కగట్టారు. అలాగని వంశపారంపర్యాన్ని కొట్టిపారేయడానికీ వీల్లేదు: హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన 2009లో వెల్లడించినట్టు, సుమారు 4 శాతం భారతీయుల్లో ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 క్షారాలు (డీఎన్‌ఏలోని ‘అక్షరాలు’) లోపించి ఉంటాయి, వీరికి యౌవనంలో ఏ లక్షణమూ కనిపించకపోయినా, నడివయసు దాటాక గుండె కండరం బలహీనపడే ముప్పు ఎక్కువ. వైద్యశిబిరాల్లో రక్తపోటు, చక్కెర చూసి పంపేయకుండా, కుటుంబంలో ఎవరికి ఏ వయసులో గుండెజబ్బు వచ్చిందో కూడా అడిగి రాసుకుంటే (దానికి ఖర్చేమీ లేదు) ఇలాంటి వారిని ముందే గుర్తించే వీలుంటుంది.

– ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, గుంటూరు