కుట్లు వేయడంతో పని అయిపోలేదు

సంపాదకులకు నమస్కారం.

కడుపు ఆపరేషన్ తర్వాత రోగి చనిపోతే వార్త వచ్చే తీరు ఎప్పుడూ ఒకటే. ఆపరేషన్ సరిగ్గా చేయలేదని బంధువులు గొడవ పడతారు. ఇలాంటివి వస్తుంటాయి, మా తప్పేం లేదని ఆస్పత్రి వాళ్లు చెబుతారు. కాంప్లికేషన్, అంటే ఆపరేషన్ తర్వాత తలెత్తే చిక్కు, ఎందుకు వచ్చిందన్న దాని మీదే చర్చంతా నడుస్తుంది. వచ్చినదాన్ని ఎప్పుడు గుర్తించారని మాత్రం ఎవరూ అడగరు. సర్జికల్ వార్డులో ఏళ్ల తరబడి నర్సుగా పనిచేసి రిటైరైన నాకు ఆ రెండో ప్రశ్నే ముఖ్యమనిపిస్తుంది.

ఇది నా అభిప్రాయం ఒక్కటే కాదు. అమెరికాలో 84 వేల మందికి పైగా సర్జరీ రోగుల రికార్డులు పరిశీలించిన అధ్యయనం ఒకటి 2009లో వచ్చింది. మరణాలు బాగా ఎక్కువగా ఉన్న ఆస్పత్రుల్లోనూ, బాగా తక్కువగా ఉన్న ఆస్పత్రుల్లోనూ కాంప్లికేషన్లు దాదాపు సమానమే, 25 శాతానికి కాస్త అటూ ఇటూ. కానీ పెద్ద కాంప్లికేషన్ వచ్చినవాళ్లలో మొదటి రకం ఆస్పత్రుల్లో 21.4 శాతం మంది చనిపోతే, రెండో రకంలో 12.5 శాతం మందే చనిపోయారు. అంటే తేడా ఆపరేషన్ థియేటర్లో కంటే ఆ తర్వాతి రోజుల్లోనే ఎక్కువగా ఉంది.

అన్నిటికంటే భయపడాల్సింది పేగు కోసి కలిపిన చోట లీక్ కావడం. ఎక్కువగా మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు బయటపడుతుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా కూడా. జ్వరం వస్తుందనో, కడుపు రాయిలా గట్టిపడుతుందనో ఎదురుచూస్తూ కూర్చుంటే పుణ్యకాలం గడిచిపోతుంది. చాలామందిలో ముందుగా మారేవి నాడి, శ్వాస. నిన్న 84 ఉన్న పల్స్ ఇవాళ 112 ఉంటుంది. మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, కానీ మంచం మీద కుదురుగా ఉండడు. ‘ఏదో తేడాగా ఉంది సిస్టర్’ అంటాడు. ఆ మాటను ఏ రిపోర్టు కంటే తక్కువగా చూడకూడదు. ఇక శ్వాస సంగతి చెప్పనే అక్కర్లేదు. చార్టు తిప్పి చూడండి, పేషెంట్లందరికీ 20 అనే రాసి ఉంటుంది. నిమిషం పాటు ఛాతీ వైపు చూసి లెక్కపెట్టే తీరిక ఎవరికుంది?

అప్పుడు వినిపించే మాట ‘గ్యాస్ అయి ఉంటుంది’. ల్యాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్లో, కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ పంపుతారు కాబట్టి భుజం నొప్పి రావడం నిజమే. అది సాధారణంగా రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. నొప్పి అనేది రోజురోజుకీ తగ్గాలి. నాలుగో రోజు నొప్పి మూడో రోజు కంటే ఎక్కువైతే గ్యాస్ మాత్ర ఇచ్చి పంపకూడదు, సర్జన్ వచ్చి చూడాలి. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్‌పీ అనే ప్రొటీన్ రక్తంలో తగ్గుతోందో లేదో చూడాలి, అనుమానం ఉంటే కాంట్రాస్ట్ (స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే మందు) ఇచ్చి సీటీ స్కాన్ తీయాలి. మామూలు ఎక్స్‌రే ఒక్కదాన్ని నమ్ముకుని లాభం లేదు. ఆపరేషన్ అయిన కొద్ది రోజుల దాకా కడుపులో గాలి కనిపించడం మామూలే, కాబట్టి అది లీక్ వల్లో కాదో ఎక్స్‌రే చెప్పలేదు. తొందరగా పట్టుకుంటే చాలా వాటికి మళ్లీ కడుపు కోయాల్సిన పనే ఉండదు. చీము గడ్డకి స్కాన్‌లో చూస్తూ సన్నటి పైపు వేస్తారు, పిత్తం లీకైతే ఎండోస్కోపీతో స్టెంట్ అనే చిన్న గొట్టం పెడతారు. ఆలస్యమైతే మళ్లీ కడుపు తెరిచి కడగాలి, పేగును బయటికి తెచ్చి స్టోమా (మలం కడుపు మీది సంచిలోకి పోయే దారి) పెట్టాల్సి రావచ్చు, ఆపైన ఐసీయూ.

రాత్రి డ్యూటీలో ఇవన్నీ గమనించిన నర్సు సర్జన్‌కి ఫోన్ చేయడానికి జంకితే ఏం లాభం? ‘ఇంత చిన్నదానికి నిద్ర లేపుతావా’ అనిపించుకున్న నర్సు రెండోసారి ఫోన్ చేయదు. బ్రిటన్‌లో 2012లో తెచ్చిన వార్నింగ్ స్కోర్‌లో పల్స్, శ్వాస, బీపీ లాంటివాటికి మార్కులు వేస్తారు. మార్కులు హద్దు దాటితే డాక్టర్‌కి చెప్పి తీరాలి. ఫోన్ చేసేది స్కోరు, నర్సు కాదన్నమాట. ఎవరి అహమూ దెబ్బతినదు!

ఇంకో సంగతి. ఆపరేషన్ అయిన రోగిని తొందరగా నడిపించి, తొందరగా తినిపించి, తొందరగా ఇంటికి పంపే పద్ధతి 1990ల్లో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కేలెట్ మొదలుపెట్టింది. మంచి పద్ధతే, నేను కాదనను. కానీ లీక్ బయటపడే రోజుకి ఇప్పుడు రోగి వార్డులో ఉండడు, ఇంట్లో ఉంటాడు. అక్కడ పల్స్ చూసేదెవరు? డిశ్చార్జి కాగితం మీద మాత్రల పేర్లు, వారం తర్వాత రమ్మన్న తేదీ ఉంటాయి. ఆ వారం మధ్యలో ఏమైనా అయితే ఏం చేయాలో ఉండదు. కట్టు మీద ఉన్నట్టుండి గులాబీ రంగు నీరు ఊరిందంటే లోపలి కుట్లు విడిపోతున్నాయేమోనని అనుమానించాలి. పేగు బయటికొస్తే లోపలికి నెట్టకుండా తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి ఆస్పత్రికి పరుగెత్తాలి. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి, ఆ ముప్పు ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. పారాసిటమాల్ వేసుకుంటున్నవాళ్లకి జ్వరం తెలియకపోవచ్చు. బీపీకో గుండె జబ్బుకో బీటా బ్లాకర్లనే మాత్రలు వాడేవాళ్లకి పల్స్ అంతగా పెరగదు. ఈ నాలుగు ముక్కలు రోగికి అర్థమయ్యే భాషలో రాసివ్వడానికి అయ్యే ఖర్చెంత?

ఆ కాగితం మీద రాత్రిపూట కూడా ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి. రిసెప్షన్‌ది కాదు, సర్జరీ టీమ్‌ది. ఏ పేగు ఎక్కడ కోసి ఎక్కడ కలిపారో చెప్పే ఆపరేషన్ నోట్స్ కాపీ కూడా రోగి చేతికివ్వాలి. కంగారులో దగ్గర్లోని వేరే ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడి డాక్టర్‌కి ముందు కావాల్సింది అదే.

చివరగా మీ విలేకరులకు ఒక మనవి. ఇకమీదట ఇలాంటి వార్త రాసేటప్పుడు ఎవరి తప్పని అడిగే ముందు రెండు సమయాలు కనుక్కోండి. రోగి మొదటిసారి బాధ చెప్పింది ఎన్ని గంటలకి? స్కాన్ తీసింది ఎన్ని గంటలకి? ఆ రెండూ వార్తలో రాయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు