బీటు చివర లాంతరు

కాజీపేట,
జులై 2025

బిడ్డా,

మొన్న ఫోన్లో నువ్వు అడిగిన దానికి నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. వెనక నుంచి మీ అమ్మ "తిన్నదా, అడుగు, తిన్నదా" అంటుంటే ఏం మాట్లాడతాం? అందుకే కాగితం తీశాను. మీ తమ్ముడు ఫోటో తీసి పంపుతానన్నాడు. నా రాత నీకు అలవాటే కదా, ఓపిగ్గా చదువు.

జూన్ 23 రాత్రి ఇక్కడ పది దాటింది. ఖతర్‌లో అమెరికావాళ్ల అల్ ఉదెయిద్ స్థావరం మీదికి ఇరాన్ క్షిపణులు వేసిందని, ఖతర్ ఆకాశమార్గం మూసేశారని టీవీలో ఒకటే స్క్రోలింగ్. నువ్వు నర్సుగా పనిచేసే దోహా మీద ఆకాశంలో మెరుపులు చూపిస్తున్నారు. నీ ఫోన్ నలభై నిమిషాలు కలవలేదు. మోకాళ్ల మీద కూర్చున్నాను. సంఘంలో ప్రార్థన చేయమంటే పది నిమిషాలకు తగ్గకుండా చేసే మనిషిని, నీకు తెలుసు; నువ్వూ తమ్ముడూ చిన్నప్పుడు వెనక బెంచీలో కూర్చుని గడియారం చూసేవాళ్లు. ఆ రాత్రి మాత్రం "ప్రభువా, నా బిడ్డ" అన్నాను. అంతే, ఇంకో మాట రాలేదు.

మీ అమ్మ అది కూడా అనలేదు. బియ్యం డబ్బా తీసి, చాటలో పోసుకుని, ట్యూబ్‌లైటు కింద రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఒక్కో రాయి తీసి పక్కన పెడుతూ ఒక్కో పేరు చెప్పుకుంటోంది. నీ పేరు, నీ రూంలో ఉండే మలయాళీ అమ్మాయి, మిమ్మల్ని డ్యూటీకి దింపే నేపాలీ డ్రైవర్, నీ వార్డులో ఉన్న ముసలామె. వాళ్లంతా ఆమెకు గుర్తున్నారని నాకు అప్పుడే తెలిసింది. పొద్దున చూస్తే అవి మొన్ననే ఏరిన బియ్యం. వాటిలో అన్ని రాళ్లు ఎక్కడివో ఆమెనే అడగాలి.

సరే, నీ ప్రశ్న. "చేతులు వణికినయ్ బాపూ, రెండు నిమిషాలు మందుల ట్రాలీ పట్టుకుని నిలబడ్డ. నా విశ్వాసం తక్కువైందా?" అన్నావు. నిజమైన విశ్వాసికి భయమే ఉండదని మీ ప్రార్థన గుంపులో ఎవరో అన్నారట. ఆ మాట అన్నవాళ్లు ఎప్పుడైనా రాత్రి పూట పట్టాల మీద ఒంటరిగా నడిచారా అని నాకు అడగాలనిపించింది.

నువ్వు కడుపులో ఉన్నప్పుడు నేను ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైల్వే గ్యాంగులో ఉన్నాను. వానాకాలం వస్తే రాత్రి పెట్రోలింగ్, అంటే పట్టా బాగుందో లేదో చూస్తూ నడవడం. చేతిలో మూడు రంగుల లాంతరు, సంచిలో పటాకాలు, ఒక పెట్రోల్ పుస్తకం. ఎక్కడన్నా కట్ట కోసుకుపోయినట్టు కనిపిస్తే బండి వచ్చే దిక్కుకు పరుగెత్తాలి. 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక పటాకా, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. ఇంజిను చక్రం కింద అవి పేలితే డ్రైవర్ బండి ఆపుతాడు. చెప్పడానికి ఎంతసేపు? వానలో, ఆ కంకర మీద, తడిసిన బూట్లతో పరుగెత్తి చూడాలి. పాములు సరే సరి.

నాకు భయం. ప్రతి రాత్రీ భయమే. మీ నాయనమ్మ నేర్పిన ఒక్క వచనం నోట్లో ఉండేది: "నాకు భయము కలుగు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." 56వ కీర్తన. గాతులో ఫిలిష్తీయుల చేతికి చిక్కినప్పుడు దావీదు అన్న మాట అది. భయం కలగదు అనలేదు చూడు, కలిగిన రోజున ఎక్కడికి పోవాలో చెప్పాడు. ఆ మాట అనుకున్నంత మాత్రాన నాలో భయమేం తగ్గలేదు, కాళ్లు మాత్రం నడిచేవి.

నా బీటు, అంటే నేను నడిచి చూడాల్సిన దూరం, చివరికి వచ్చేసరికి అటు మానుకోట దిక్కు నుంచి ఇంకో లాంతరు ఊగుతూ వచ్చేది. నా పుస్తకం ఆయనకు, ఆయన పుస్తకం నాకు. ఇటు వైపు పట్టా నేను చూశాను, అటు వైపు ఆయన చూశాడు అన్నట్టు. ఆయన సాయిబు. ఆయన దువా ఆయనది, నా ప్రార్థన నాది, బీడీ మాత్రం ఇద్దరికీ ఒక్కటే. (అప్పట్లో తాగేవాణ్ని. మీ అమ్మకు తెలుసు.) ఆ లాంతరు దూరంగా కనిపించినప్పుడు కడుపులో ఏదో సర్దుకున్నట్టు అయ్యేది. వాన ఆగేది కాదు, వాగు తగ్గేది కాదు, మళ్లీ అంత దూరమూ ఒక్కడినే తిరిగి నడవాలి. అయినా సర్దుకునేది. ఎవరన్నా శాంతి, సమాధానం అంటే నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది అదే.

2024 సెప్టెంబర్ 1న ఆ కట్టే వరదకు కొట్టుకుపోయింది. కింద మట్టి లేక పట్టాలు గాలిలో వేలాడుతుంటే టీవీలో చూశాం కదా. రిటైరై ఇంట్లో కూర్చున్నవాణ్ని, నాకు కాళ్లు వణికాయి. ఆ రాత్రి అక్కడ లాంతరు పట్టుకుని ఉన్న పిల్లవాడు ఎవరో అని ప్రార్థన చేశాను.

యేసుప్రభువు దోనెలో తలగడ మీద నిద్రపోయిన కథ అందరూ చెబుతారు. తుఫానులో నిద్ర! మంచిదే, నాకు మాత్రం అంత నిద్ర ఎన్నడూ రాలేదు. నాకు ఆసరా అయింది గెత్సేమనే తోట, ఆయన్ని పట్టుకున్న రాత్రి. అక్కడ ఆయనకే వేదన, చెమట నేల మీద పడుతోంది. నాతో కూడా మెలకువగా ఉండండి అని శిష్యులను అడిగాడు. వాళ్లేమో పడుకున్నారు. ఆయనకే పక్కన ఒకరు మేలుకొని ఉండాలనిపిస్తే, నువ్వు భయపడితే ఎవరు తప్పు పడతారు? ఆయన కూడా ఆ చీకట్లో నడిచి వచ్చినవాడే. అందుకే ఆయన లాంతరు కనిపిస్తే నేను నమ్ముతాను.

నువ్వు రెండు నిమిషాలు నిలబడ్డావు. తర్వాత ట్రాలీ తోసుకుంటూ ఆ ముసలామె దగ్గరికే పోయి బీపీ చూశావు. ఆమె నీ చెయ్యి పట్టుకుని అరబీలో ఏదో అన్నదన్నావు. నీకు అర్థం కాలేదన్నావు. ఆమెకు ఆ రాత్రి కనిపించిన లాంతరు ఎవరిదో మళ్లీ నేను చెప్పాలా?

ఇప్పుడు కాల్పుల విరమణ అంటున్నారు. ఎన్నాళ్లు ఉంటుందో నాకు తెలియదు, ఏమీ కాదులే అని నీకు మాటివ్వలేను. వచ్చేయాలనిపిస్తే వచ్చేయి, లోన్ సంగతి నేను చూసుకుంటాను. ఉండాలనిపిస్తే ఉండు. రెండింటిలో ఏది విశ్వాసం, ఏది కాదు అని ఎవరు లెక్క తీసినా వినకు. శుక్రవారం సెలవు దొరికితే ఆరాధన మానకు. పాడబుద్ధి కాకపోయినా పోయి కూర్చో, పక్కన పాడేవాళ్లు పాడతారు.

డ్యూటీ దిగాక ఎంత రాత్రయినా ఒక మిస్డ్ కాల్ ఇవ్వు. నేను ఎత్తను, డబ్బులు కావు. మళ్లీ నేనో మిస్డ్ కాల్ ఇస్తాను. పుస్తకాలు మారాయి అనుకుందాం.

జనగామ పిల్లవాడు సెలవు అయిపోయి వచ్చే వారం తిరిగి వస్తున్నాడట. అతని చేతికి మామిడికాయ తొక్కు ఇచ్చి పంపుతున్నాం. నూనె కారకుండా అమ్మ మూడు కవర్లు చుట్టింది, కత్తెరతో కోసి తియ్యి, పళ్లతో లాగకు.

నీ బాపు