వాగ్దాన కార్డు ఒక్కటే సరిపోదు

సంపాదకులు గారికి,

నమస్కారం. జనవరి వచ్చిందంటే అన్ని పత్రికల్లోనూ కొత్త సంవత్సరం తీర్మానాల మీద వ్యాసాలు వస్తాయి, బరువు తగ్గడం దగ్గర్నుంచి అప్పులు తీర్చడం దాకా ఏం అనుకోవాలో, అనుకున్నది ఎలా సాధించాలో చెప్తారు. నేనూ చదువుతాను. అయితే మా క్రైస్తవ కుటుంబాల్లో ఈ వ్యవహారం వేరేగా నడుస్తుంది. దాని గురించి మాలో మేమే సరిగ్గా మాట్లాడుకోం, పత్రికల్లో అయితే అసలు కనపడదు. అందుకే ఈ ఉత్తరం, కాస్త పొడుగైతే క్షమించండి.

డిసెంబర్ 31 రాత్రి మా చర్చిల్లో వాచ్ నైట్ సర్వీస్ ఉంటుంది. పాటలు, సాక్ష్యాలు, వాక్యం అయ్యి, పన్నెండు కొట్టగానే మోకాళ్ల మీద ప్రార్థన చేసి, ఒకరికొకరు హ్యాపీ న్యూ ఇయర్ చెప్పుకున్నాక ఒక్కో బైబిల్ వాక్యం రాసి ఉన్న వాగ్దాన కార్డుల పళ్లెం వస్తుంది. కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటాం. ఆ ఏడాదంతా మనకు దేవుడు ఇచ్చిన మాట అదేనని నమ్ముతాం. బైబిల్లో పెట్టుకునేవాళ్లు ఉన్నారు, ఫోను కవరు వెనకాల పెట్టుకునేవాళ్లు ఉన్నారు, మా అమ్మ అయితే బీరువా అద్దానికి అంటించేది. నేను ఆ కార్డుకు వ్యతిరేకిని కాదు. ఎన్నో రాత్రులు ఆ ఒక్క వాక్యం పట్టుకునే నిద్రపోయినదాన్ని. నా బాధంతా ఆ కార్డు తీసుకున్న తర్వాత మనం ఏం చేస్తున్నాం, ముఖ్యంగా మన పిల్లలకు ఏం నేర్పిస్తున్నాం అన్నదాని గురించే.

మా సండే స్కూల్లో చిన్నప్పటి నుంచీ పెరిగిన ఒక అబ్బాయి ఉన్నాడు. కానిస్టేబుల్ ఉద్యోగం కావాలని వాడి కోరిక. ఒక ఏడాది వాడికి వచ్చిన కార్డు "యెహోవా నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు". దానికి తోడు ఊరికి వచ్చిన ఒక ప్రసంగీకుడు స్టేజీ మీది నుంచి వాడి తల మీద చెయ్యిపెట్టి, ఈ సంవత్సరం నీకు ఉద్యోగం ఖాయం, ఆమేన్ చెప్పు అన్నాడు. అందరం ఆమేన్ అన్నాం. వాడు శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉన్నాడు, రాత్రి ప్రార్థనలకు వచ్చాడు, రాత పరీక్ష గట్టెక్కాడు, తీరా 1600 మీటర్ల పరుగులో పోయాడు. ఆ తర్వాత ఆదివారాలు రావడం మానేశాడు. బజార్లో కనపడితే ఆపి అడిగాను. "నా విశ్వాసం చాల్లేదేమో అక్కా" అన్నాడు, నా మొహం చూడకుండా. ఆ మాట ఇప్పటికీ నా గుండెల్లో ఉంది. ఎందుకంటే ఆ ఏడాది పొడుగునా వాణ్ణి మేమంతా అడిగింది ఒకటే, ప్రార్థన చేస్తున్నావా నాన్నా అని. పొద్దున్నే లేచి పరిగెత్తుతున్నావా, ఎన్ని నిమిషాల్లో పూర్తవుతోంది, కాళ్లకు సరైన బూట్లు ఉన్నాయా అని ఒక్కరం అడగలేదు. నేనూ అడగలేదు.

అదే వాక్యాన్ని కార్డు మీద కాకుండా బైబిల్లో, ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలో చదివితే, విని నడుచుకుంటే అన్న షరతు దాని పక్కనే ఉంటుంది. కార్డు చిన్నది కాబట్టి అది పట్టదు. అందరికీ ఇష్టమైన యిర్మీయా 29:11 కూడా అంతే. నీ గురించి నాకున్న ఉద్దేశాలు మేలైనవే అని దేవుడు చెప్పింది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన జనానికి రాసిన ఉత్తరంలో, దాని ముందు వచనంలోనే 70 ఏళ్లు అని లెక్క ఉంది. ఇంకా పైకి వెళ్తే 5వ వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉంది. 70 ఏళ్లు పట్టే మేలు కోసం ఈ రోజు పార పట్టుకోమన్నాడు. ఇది తెలియక ఎంతమంది పిల్లలు డిసెంబర్ నాటికి నీరుగారిపోతున్నారో!

నేను గవర్నమెంటు స్కూల్లో టీచర్ని. డీఎస్సీ మూడోసారికి సెలెక్టయ్యాను. మొదటి రెండుసార్లు నా తీరూ ఆ అబ్బాయి తీరే. రెండోసారి పోయినప్పుడు మా పాస్టరమ్మ గారి ఇంటికెళ్లి ఏడ్చాను. ఆవిడ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. నన్ను ఏడవనిచ్చారు, మంచినీళ్లు ఇచ్చారు, ఆ తర్వాత ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులు తగ్గాయమ్మా అని అడిగారు. నాకు తెలీదు. నిజంగానే తెలీదు, లిస్టులో పేరు లేదని చూసి పేపరు మడిచేశాను. "రెండేళ్ల నుంచి ఉద్యోగం ఇమ్మని దేవుణ్ణి అడుగుతున్నావు, ఎక్కడ పోతున్నదో నువ్వొకసారి చూసుకోవద్దా తల్లీ" అన్నారు. కోపంగా కాదు, చేతిలో చిక్కుడుకాయ పట్టుకునే అన్నారు. లూకా 14వ అధ్యాయం తీయించి నాతోనే చదివించారు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసు ప్రభువే అడుగుతున్నాడు. అన్నేళ్లుగా ఆ అధ్యాయం చదువుతూ కూడా 'కూర్చుండి' అన్న మాటను నేను పట్టించుకోలేదు.

ఆవిడే వంద పేజీల రూళ్ల నోట్‌బుక్ ఒకటి కొనిపించారు. ఎడమ పేజీలో దేవుణ్ణి ఏం అడుగుతున్నానో, కుడి పేజీలో దానికోసం ఈ రోజు నేనేం చేస్తున్నానో. రోజుకు ఆరు గంటలు చదువుతాను అని రాసుకుని వెళ్తే ఆరు కొట్టేశారు. పగలు మిషను మీద జాకెట్లు కుట్టి ఇల్లు గడుపుతున్నావు, ఇద్దరు పిల్లలు, ఆరు గంటలు ఎక్కడి నుంచి తెస్తావు, అబద్ధం రాయకు అన్నారు. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు, రెండు గంటలు అని దిద్దారు. లెక్కల్లో నేను వెనకబడి ఉన్నాను కాబట్టి అందులో ఒక గంట లెక్కలకే. ఆ రెండు గంటలు మాత్రం నిజంగా చదివాను, లేచి ముందు పది నిమిషాలు ప్రార్థన, ఆ తర్వాత భాగహారాలు. మధ్యలో మా అత్తయ్యకు బాగోక ఆసుపత్రిలో ఉన్న పదహారు రోజులూ కుడి పేజీలు ఖాళీగా వదిలేశాను. ఆవిడ చూసి, "ఖాళీ ఎందుకమ్మా, అత్తగారికి సేవ చేశాను అని రాయి, ఆ రోజుల్లో దేవుడు నీకు పెట్టిన పని అదే" అన్నారు. లక్ష్యాల గురించి నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఆ మాట లేదు. మామూలుగా అయితే అడ్డం వచ్చింది, టైం వేస్టయింది అంటాం. క్రైస్తవులు లక్ష్యం పెట్టుకోవడంలో తేడా నాకు అక్కడే కనపడింది. గురి వైపు పరిగెత్తుతూనే, దారిలో పడిపోయినవాళ్లను లేపడానికి ఆగాలి, ఆగినందుకు టెన్షన్ పడకూడదు.

ప్లాన్ వేసుకోవడం అంటే అవిశ్వాసం అని కొందరు పెద్దలు అంటారు. వాళ్లు యాకోబు పత్రిక చూపిస్తారు, రేపు ఫలానా ఊరు వెళ్లి వ్యాపారం చేసి లాభం తెస్తాం అనేవాళ్లను మందలించే చోటు. కానీ దాని తర్వాతి మాట చదవండి, ప్రభువు చిత్తమైతే బతికుండి ఇది చేస్తాం, అది చేస్తాం అనమన్నాడు. ఇది, అది అని చేయాల్సింది అక్కడా ఉంది. మనం మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేశాం. సామెతల్లో "నీ పనుల భారము యెహోవామీద నుంచుము" అని ఉంది, అసలు పనే పెట్టుకోకపోతే ఆయన మీద ఏ భారం ఉంచుతాం? నెహెమ్యా సంగతి చూడండి. యెరూషలేము గోడలు కూలిపోయాయని విని నాలుగు నెలలు ఏడ్చి ప్రార్థించినవాడు, తాను కొలువు చేస్తున్న పర్షియా రాజు నీకేం కావాలి అని అడిగిన క్షణంలో తడుముకోలేదు. ఎన్నాళ్లు పడుతుందో చెప్పాడు, దారిలో అధికారులకు చూపించడానికి ఉత్తరాలు అడిగాడు, గుమ్మాలకు కలప అడిగాడు. అంటే ఆ నాలుగు నెలల్లో ప్రార్థనతో పాటు లెక్క కూడా వేసుకున్నాడన్న మాట. వెళ్లాక రాత్రిపూట ఒక్కడే పోకుండా కొద్దిమందిని వెంటబెట్టుకుని గోడంతా తిరిగి చూసుకున్నాడు, ఎవరింటి ఎదురుగా ఉన్న భాగాన్ని వాళ్లకు అప్పజెప్పాడు, శత్రువులు వస్తారని తెలిసినప్పుడు ప్రార్థనా చేశాడు, కాపలా కూడా పెట్టాడు. 52 రోజుల్లో గోడ లేచింది.

అంత దూరం ఎందుకు, మాది ఒంగోలు. ఇక్కడ ప్రేయర్ మీటింగ్ హిల్ అని ఒక కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఆ కొండెక్కి ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. అప్పటికి నెల్లూరులో ఉన్న మిషన్నే మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరుగుతున్న రోజులు. కొత్త సంవత్సరం మొదటి రోజున పెట్టుకున్న ఆ గురి ఆ ఏడాది నెరవేరలేదు, మరుసటి ఏడాదీ నెరవేరలేదు. వాళ్లు అడిగిన మిషనరీగా క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో, అంటే పన్నెండేళ్ల తర్వాత. ఆయన అంతకుముందు భూములు కొలిచే సర్వేయరు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు వచ్చినప్పుడు ఆ విద్య అక్కరకొచ్చింది. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇచ్చాడు. కూడు కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ కరువు కాలంలో ఏడాదికి పైగా బాప్తిస్మాలే ఆపేశాడు. సంఖ్య పెంచుకోవడం ఆయన లక్ష్యమైతే అంతకన్నా మంచి సమయం ఇంకోటి ఉండేది కాదు. చివరికి 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అదీ ఏదో ఊపులో జరిగిపోలేదు, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో దిగారు, ఒడ్డున పేర్లు చదివేవాళ్లు చదివారు. ఈ కథ మా సంఘాల్లో ప్రతి ఏటా చెప్తారు. అయితే కొండ మీది ప్రార్థన చెప్పి, నది దగ్గరి అంకె చెప్పి ఆపేస్తారు. మధ్యలోని పన్నెండేళ్లు, కాలువ తవ్వకం, వంతులు చెప్పరు. నా దృష్టిలో పిల్లలకు కావాల్సింది ఆ మధ్యలోదే.

ఇంతా చేసినా దొరకని వాటి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేనూ ఆ ప్రసంగీకుడిలాగే మాట్లాడినట్టు అవుతుంది. నాతో పాటు నాలుగింటికి లేచి చదివిన నా స్నేహితురాలికి ఉద్యోగం రాలేదు. ఆమె నాకంటే ఎక్కువ చదివింది, నాకంటే ఎక్కువ ప్రార్థించింది కూడా. దీనికి నా దగ్గర సమాధానం లేదు, ఉన్నట్టు నటించను. దావీదుకు దేవాలయం కట్టాలని ఎంత ఆశ! మంచి ఆశే, దేవుని కోసమే. నువ్వు కట్టవు, నీ కొడుకు కడతాడు అన్నాడు దేవుడు. దావీదు అలిగి కూర్చోలేదు, బంగారం, వెండి, ఇనుము, దేవదారు మానులు అన్నీ కూడబెట్టి కొడుకు చేతికిచ్చాడు. నా స్నేహితురాలు ఇప్పుడు సాయంత్రాలు వాళ్ల పేటలో పిల్లలకు ట్యూషన్ చెప్తుంది, ఫీజు ఇవ్వగలిగినవాళ్లు ఇస్తారు. ఆమె దగ్గర చదివిన ఒకమ్మాయి పోయిన ఏడాది నర్సింగులో చేరింది. ఆమెను స్టేజీ మీదికి పిలిచి సాక్ష్యం చెప్పమని ఏ సంఘమూ అడగదు, ఉద్యోగం వచ్చిన నన్ను మాత్రం మూడు చోట్ల పిలిచారు.

చిన్న లక్ష్యాల గురించి ఒక్క మాట. ఈ సంవత్సరం బైబిల్ మొత్తం చదువుతాను అని మనలో చాలామంది జనవరిలో మొదలుపెట్టి ఫిబ్రవరికల్లా లేవీయకాండం దగ్గర ఆగిపోతాం. మొత్తం 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతుంది. ఈ చిన్న లెక్క ఎవరైనా ముందే చెప్తే సగం మంది ఆగిపోరు.

మీ పత్రిక ద్వారా పాస్టర్లకు, సంఘ పెద్దలకు నా మనవి ఒకటే. వచ్చే డిసెంబర్ 31 రాత్రి వాగ్దాన కార్డుతో పాటు ఒక తెల్ల కాగితం కూడా ఇవ్వండి. దాని మీద ఏం చేయదలుచుకున్నారో ఎవరికి వాళ్లు రాసుకోనివ్వండి. యూత్ మీటింగుల్లో నెలకు ఒక్కసారి, పరీక్షలు రాసిన టీచర్లను, పోలీసు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను, బ్యాంకుల్లో పనిచేసేవాళ్లను కూర్చోబెట్టి పిల్లల కాగితాలు చూడమనండి, ఎక్కడ వెనకబడ్డారో అడగమనండి. దయచేసి ఎవరి తల మీదా చెయ్యిపెట్టి ఈ సంవత్సరం ఖాయం అని చెప్పొద్దు. రానప్పుడు ఆ పిల్లాడు ఏమైపోతున్నాడో చూడటానికి ఆ ప్రసంగీకుడు మళ్లీ రాడు, చూసేది మేమే.

ఆ అబ్బాయి పోయిన నెలలో ఫోన్ చేశాడు. చర్చికి ఇంకా రావట్లేదు గానీ పొద్దున ఐదింటికి గ్రౌండుకి వెళ్తున్నాడట. ఎంతలో పూర్తవుతోంది అని అడిగాను. ఇంకా పాతిక సెకన్లు తగ్గాలి అక్కా అన్నాడు. ఆ పాతిక సెకన్లు నా నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో రాసుకున్నాను. కుడి పేజీలో, శనివారం వాడికి బూట్లు కొనాలి అని రాశాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు, ఒంగోలు