అప్పు సరే, బండి నిలిపే జాగా ఏది?

సంపాదకులు గారికి,

నమస్కారం. వీధి వ్యాపారులకు అప్పులిస్తే పట్టణాల్లో పేదరికం తగ్గుతుందని చాలామంది అంటున్నారు. 2020లో మొదలైన పీఎం స్వనిధి అనే కేంద్ర పథకం కింద తొలి విడతగా రూ.10,000 ఇచ్చారు. అది మేలే. కానీ ఆ డబ్బుతో సరుకు తెచ్చి నల్లగొండ ప్రకాశం బజార్‌లో బండి పెట్టుకున్న మనిషిని పొద్దెక్కేసరికి లేపేస్తే ఆకుకూర వాడిపోతుంది, కిస్తీ మాత్రం ఆగదు.

అట్లా లేపకుండా 2014లోనే వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. వీధి వ్యాపారుల సర్వే పూర్తిచేసి అమ్ముకునే ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టుకున్న కూరగాయలు, పండ్లు రుసుము కట్టి అడిగిన రోజే తిరిగి ఇచ్చేయాలి. వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు.

ఈ చట్టం ఊరికే రాలేదు. దీని వెనక దశాబ్దాల పోరాటం ఉంది. అహ్మదాబాద్‌లో 1972లో ఇలా భట్ అనే ఆవిడ పెట్టిన ‘సేవ’ అనే ఆడవాళ్ల సంఘంలో కూరగాయలమ్మేవాళ్లు, నెత్తిన మూటలు మోసేవాళ్లు చేరారు. 1974లో 4,000 మంది తలా పది రూపాయలు వేసుకొని సొంత బ్యాంకు పెట్టుకున్నారు. అక్కడితో ఆగలేదు, మానెక్ చౌక్‌లో కూర్చునే చోటు కోసం సుప్రీంకోర్టు దాకా పోయారు. వాళ్లు అప్పునూ జాగానూ విడదీయలేదు. మనం మాత్రం అప్పు దగ్గరే ఆగిపోయాం.

బండ్లతో ట్రాఫిక్ ఆగుతుందనేవాళ్ల మాటా నిజమే. అందుకే విక్రయ మండలాలు, అంటే బండ్లు పెట్టి అమ్ముకునే చోట్లు, గుర్తించమంది చట్టం. కానీ ఊరవతల ఖాళీ స్థలం చూపిస్తే బేరం ఎక్కడిది? జనం బస్సు దిగి నడిచే దారిలోనే అమ్మకం. అది దేవరకొండ, మునుగోడు దిక్కు నుంచి గంపతో వచ్చే అమ్మలకు తెలిసినంతగా కాగితం మీద గీతలు గీసేవాళ్లకు తెలియదు. వాళ్లను కూర్చోబెట్టుకొనే జాగాలు తేల్చాలి.

వెట్టిచాకిరీ మీద ఊరూరా సంగం కట్టి నిలబడ్డ జిల్లా మనది. పండ్ల బండ్లు, టిఫిన్ బండ్లు, పూలమ్మేవాళ్లు వేర్వేరుగా కాకుండా ఒక్క సంఘంగా నిలబడి సర్వే జాబితా, కమిటీ సభ్యుల పేర్లు, విక్రయ మండలాల పటం అడగాలి. మున్సిపాలిటీలు వాటిని తెలుగులో నోటీసు బోర్డు మీద పెట్టాలి. మీ పత్రిక జిల్లా పేజీలో కూడా వాటిని అచ్చువేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నల్లగొండ